కార్డు, పాలసీ, హైబ్రిడ్: సీమలో ఆస్పత్రి బిల్లు ఎవరి లెక్కలో పడుతుంది

క్లుప్తంగా: ప్రైవేటు, ప్రభుత్వ, మిశ్రమ ఆరోగ్య బీమాలను వేరు చేసేవి మూడు విషయాలు. డబ్బు ముందుగా ఎవరి దగ్గర పోగవుతుంది, ఖర్చు అంచనా మించితే నష్టం ఎవరు భరిస్తారు, ఆస్పత్రికి సొమ్ము ఎప్పుడు చేరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపాదించిన హైబ్రిడ్ (బీమా కంపెనీ, ట్రస్టు కలిసిన) పద్ధతి రెండోదాన్ని మారుస్తుంది, మూడోదాన్ని బాగుచేస్తానంటుంది. ఆస్పత్రిలో చేరకుండా అయ్యే ఖర్చు మాత్రం ఏ పద్ధతిలోనైనా చాలావరకు ఇంటి మీదే పడుతోంది.

2025 సెప్టెంబరు మొదటి వారంలో రాష్ట్ర మంత్రివర్గం కొత్త ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. ఏడాదికి రెండున్నర లక్షల దాకా అయ్యే వైద్యాన్ని బీమా కంపెనీల ద్వారా, ఆపైన 25 లక్షల దాకా ప్రభుత్వం నడిపే ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) ట్రస్టు ద్వారా అందించాలన్నది అందులోని ముఖ్యాంశం. మొత్తం 1.63 కోట్ల కుటుంబాలను దీని పరిధిలోకి తెస్తామని, దారిద్ర్యరేఖకు పైనున్న కుటుంబాలకూ రెండున్నర లక్షల రక్షణ ఉంటుందని ప్రభుత్వం చెప్పింది. అప్పటి నుంచి కర్నూలు పెద్దాసుపత్రి వరండాల్లోనూ, అనంతపురం, కడప సర్వజన ఆస్పత్రుల దగ్గరా ఒకే రకం ప్రశ్నలు వినిపిస్తున్నాయి. ఉన్న కార్డు చెల్లుతుందా? ప్రీమియం మనమే కట్టాలా? కంపెనీ చేతికి పోతే ప్రైవేటు పాలసీల్లో లాగా కొర్రీలు పెడతారా?

ప్రకటించిన దాని ప్రకారం ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. మిగతా రెండు ప్రశ్నలకు ఒక్క ముక్కలో జవాబు రాదు. బీమా లోపల డబ్బు ఎలా నడుస్తుందో చూస్తే గానీ ఆ భయాల్లో ఏది నిజమో, ఏది కాదో తేలదు.

బీమా చీటీ లాంటిది కాదు

చీటీ కట్టినవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు పాట వస్తుంది. బీమాలో అలా రాదు, రాకూడదు కూడా. కట్టినవాళ్లలో ఎక్కువమందికి ఆ ఏడు ఏమీ రాకపోబట్టే, జబ్బుపడిన కొద్దిమందికి లక్షలు చెల్లించడం కుదురుతుంది. "మూడేళ్లు కట్టాం, ఒక్క రూపాయి రాలేదు, అనవసరంగా పోయింది" అని పాలసీ వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. బీమాకు మొదటి చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఊహకు ఆదోని దగ్గర వెయ్యిమంది ఉన్న ఒక ఊరిని తీసుకుందాం. ఏటా ఇరవైమంది ఆస్పత్రిలో చేరతారు, మనిషికి సగటున లక్ష ఖర్చవుతుంది. మొత్తం 20 లక్షలు, తలకు రెండు వేలు. ఆఫీసు, ఏజెంటు కమీషను, లాభం అన్నీ కలుపుకొని కంపెనీ 2,600 అడుగుతుంది. దుక్కలాంటి ఆరోగ్యం ఉన్న కుర్రాళ్లు నాలుగు వందలమంది మాకెందుకులే అని తప్పుకున్నారు. వాళ్లలో జబ్బుపడేది ఇద్దరే. మిగిలిన ఆరువందలమంది మీద పద్దెనిమిది లక్షల ఖర్చు పడింది. తలకు మూడు వేలు, కంపెనీ లెక్కలో 3,900. ఈ ధర చూసి ఇంకో వందమంది మానేస్తారు. ధర మళ్లీ పెరుగుతుంది. చివరికి జబ్బున్నవాళ్లే మిగులుతారు, ధర వాళ్లకు అందదు.

స్వచ్ఛందంగా కొనే బీమా ఎక్కడైనా ఈ సుడిలో పడుతుంది. బయటపడటానికి రెండే దారులున్నాయి. అందరినీ తప్పనిసరిగా చేర్చడం ఒకటి. జబ్బున్నవాళ్లను ఏరి పక్కన పెట్టడం, లేదా వాళ్లకు షరతులు పెట్టడం రెండోది. మొదటి దారి ప్రభుత్వ పద్ధతిది, రెండోది ప్రైవేటు పద్ధతిది. మిశ్రమ పద్ధతులన్నీ ఈ రెంటినీ ఏదో ఒక పాళ్లలో కలిపినవే.

ప్రైవేటు పాలసీలో కోత ఎక్కడ పడుతుంది

ముందునుంచి ఉన్న షుగరు, బీపీ, గుండెజబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ కోసం ఆగాల్సిన గడువు) పెట్టేది పైన చెప్పిన సుడి నుంచి తప్పించుకోవడానికే. ఆస్పత్రిలో చేరే ముందు రోజు పాలసీ కొనేవాళ్లను ఆపకపోతే బీమా నిలవదు. అయితే ఆ గడువు ఎంత ఉండాలన్నది నియంత్రణ సంస్థ చేతిలో ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో దాన్ని గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించింది. ఐదేళ్లు వరసగా కట్టిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు దాచారన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదని కూడా చెప్పింది. అంతకుముందు ఈ గడువు ఎనిమిదేళ్లు. అరవై ఐదేళ్ల దాకా కొత్త పాలసీ ఇస్తే చాలన్న పాత వయసు పరిమితీ అప్పుడే తొలగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా పోయింది.

ఇవన్నీ పాలసీదారుకు మేలు చేసిన మార్పులే. కానీ డిశ్చార్జి రోజు టెన్షన్ తెచ్చేది సాధారణంగా వెయిటింగ్ పీరియడ్ కాదు, రూమ్ రెంట్ షరతు. మూడు లక్షల పాలసీలో రోజుకు ఒక శాతం, అంటే మూడు వేల దాకా గది అద్దె ఇస్తారనుకుందాం. రోగి ఆరువేల గదిలో ఐదు రోజులు ఉన్నాడు. గది అద్దె 30 వేలు, సర్జను, థియేటరు, నర్సింగు 90 వేలు, మందులు, పరీక్షలు, లోపల వేసిన స్టెంటు వగైరా 80 వేలు. బిల్లు రెండు లక్షలు. పాలసీ పరిమితి మూడు లక్షలు కాబట్టి మొత్తం వస్తుందనే ఎవరైనా అనుకుంటారు.

రాదు. గది పరిమితికి రెట్టింపు ఉంది కాబట్టి గది అద్దెలో సగమే ఇస్తారు. అంతటితో ఆగదు. గది స్థాయిని బట్టి మారే సర్జను, థియేటరు, నర్సింగు చార్జీలకూ అదే నిష్పత్తి వర్తిస్తుంది. 90 వేలలో 45 వేలే వస్తుంది. మందులు, పరీక్షలు, స్టెంటుకు ఈ నిష్పత్తి కోత వేయకూడదన్న నిబంధన ఉంది కాబట్టి ఆ 80 వేలు నిలుస్తాయి. కంపెనీ ఇచ్చేది లక్షా నలభై వేలు, చేతి నుంచి పెట్టేది అరవై వేలు. గ్లవుజులు, సిరంజిల్లాంటి చిల్లర ఖర్చులు కూడా పాలసీని బట్టి తీసేస్తే ఇంకాస్త. గది మూడువేలదే తీసుకుని ఉంటే ఈ అరవై వేలు నిలిచేవి. ఈ సంగతి పాలసీ పుస్తకంలో ఉంటుంది, అమ్మేటప్పుడు విడమరిచి చెప్పేవాళ్లు అరుదు.

వసూలు చేసిన ప్రీమియంలో క్లెయిములకు ఎంత తిరిగి వెళ్తోందన్నది ఇంకో కొలత. 2023-24లో ఆరోగ్య బీమాలో ప్రభుత్వ రంగ కంపెనీలు వందకు 103 రూపాయల దాకా క్లెయిముల కింద పెట్టగా, ఆరోగ్య బీమా ఒక్కటే చేసే కంపెనీల్లో అది సుమారు 65. దీన్నిబట్టి ఒకరు మంచివాళ్లు, ఇంకొకరు చెడ్డవాళ్లు అని తేల్చడం తొందరపాటు. ప్రభుత్వ రంగ కంపెనీల వ్యాపారంలో ఉద్యోగుల గ్రూపు పాలసీల వాటా ఎక్కువ. వాటిలో పోటీ వల్ల ప్రీమియం తక్కువ, క్లెయిములు ఎక్కువ. విడిగా ఒక కుటుంబానికి పాలసీ అమ్మాలంటే ఏజెంటు కమీషను, ప్రచారం, ఇంటింటి ఖర్చు ఉంటాయి. అయినా సరే, ఒక కుటుంబం కట్టే వందలో మూడో వంతుకు పైగా వైద్యానికి చేరడం లేదన్న మాట మిగిలే ఉంటుంది. అందరినీ ఒక్కసారిగా చేర్చే ప్రభుత్వ పద్ధతికి ఉన్న పెద్ద బలం ఇక్కడే కనిపిస్తుంది. దానికి అమ్మకం ఖర్చే లేదు.

అనంతపురంలో మొదలైన ప్రయోగం

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది. అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. మూడూ కరువుకు, వలసలకు పేరుపడ్డవే. ఇప్పటి చర్చలో చాలామంది మరిచిపోతున్న విషయం ఒకటుంది. ఆ రోజు పథకం నడిచింది ట్రస్టు పద్ధతిలో కాదు, బీమా పద్ధతిలో. ప్రభుత్వం కుటుంబానికి ఏడాదికి 330 రూపాయల చొప్పున ఒక ప్రైవేటు బీమా కంపెనీకి ప్రీమియం కట్టింది. కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు. 2008లో కొత్తగా చేర్చిన చికిత్సల నుంచి ట్రస్టే నేరుగా ఆస్పత్రులకు చెల్లించడం మొదలుపెట్టింది. కొన్నేళ్లు రెండూ పక్కపక్కనే నడిచి, చివరికి అంతా ట్రస్టు కిందికి వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు, పరిమితి మారుతూ వచ్చాయి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద రెండున్నర లక్షలు, తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ కింద ఐదు లక్షలు, 2023 డిసెంబరులో 25 లక్షలు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. జాబితాలో ఇప్పుడు 3,257 చికిత్సలున్నాయి. జనం నోట్లో మాత్రం అది ఆరోగ్యశ్రీగానే నిలిచిపోయింది.

అది పనిచేసే తీరు ప్రైవేటు పాలసీకి పూర్తిగా వేరు. కార్డుతో వచ్చిన రోగిని ఆస్పత్రి గేటు లోపలే ఉండే ఆరోగ్యమిత్ర (పథకం తరఫు ఉద్యోగి) కౌంటర్ దగ్గర నమోదు చేస్తారు. ఛాతీనొప్పి మనిషైతే ఈసీజీ, ఎకో, యాంజియోగ్రామ్ రిపోర్టులు ఎక్కించి, స్టెంటు వేయాలని ఆస్పత్రి ప్రీ-ఆథరైజేషన్ అడుగుతుంది. ట్రస్టు డాక్టర్లు అవి చూసి అనుమతిస్తారు. ధర ముందే తెగింది. అదే ప్యాకేజీ. గది, ఆపరేషన్, మందులు, భోజనం, ఇంటికి వెళ్లేటప్పుడు దారి ఖర్చు అన్నీ అందులోవే. కర్నూలులో చేసినా కడపలో చేసినా దాదాపు అదే మొత్తం. రూమ్ రెంట్ నిష్పత్తి, కో-పే (బిల్లులో రోగి వాటా) లాంటి మాటలు ఇక్కడ లేవు. పాత జబ్బుకు మూడేళ్లు ఆగాల్సిన పని లేదు. ప్రైవేటు కంపెనీ భయపడే రోగిని కూడా ఈ పథకం మొదటి రోజు నుంచే తీసుకుంటుంది.

బేతంచెర్ల పాలిషింగ్ యూనిట్లలో రాతిదుమ్ము పీలుస్తూ పనిచేసేవాళ్లకు, ధర్మవరం మగ్గాల మీద నడుము వంచి బతికే నేతగాళ్లకు, నలభై దాటాక వ్యక్తిగత పాలసీ ఇవ్వడానికి ఏ కంపెనీ అయినా తటపటాయిస్తుంది, ఇచ్చినా ధర పెంచుతుంది. ఈ జిల్లాల్లో పెద్ద ఆపరేషన్ అంటే పొలం అమ్మడమో, నూటికి మూడు వడ్డీకి తేవడమో అనే రోజులు పోవడానికి కారణం ఈ కార్డే. దాని లోపాల గురించి ఎంత మాట్లాడుకున్నా ఈ ఒక్క సంగతి పక్కన పెట్టలేం.

లోపాలు ప్యాకేజీ పద్ధతిలోనే ఉన్నాయి. ధర బాగా గిట్టుబాటయ్యే చికిత్సలు అవసరానికి మించి జరుగుతాయి, గిట్టనివాటికి "బెడ్లు లేవు" అన్న జవాబు వస్తుంది. పథకం మొదటి ఏళ్లలో గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు విపరీతంగా జరుగుతున్నాయని విమర్శలు రావడంతో, అలాంటి కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. అదొక్కటే కాదు. ప్యాకేజీ కింద రావాల్సిన పరీక్షలను ఆస్పత్రిలో చేర్చుకోకముందే బయట చేయించుకుని రమ్మనడం, చిన్న రశీదు కూడా ఇవ్వకుండా "మంచి స్టెంటు కావాలంటే" అని పై డబ్బు అడగడం రోగుల బంధువులు తరచూ చెప్పే ఫిర్యాదులు. ధర ఏళ్ల తరబడి పెంచకుండా ఉంచితే ఇలాంటివి పెరుగుతాయి, తగ్గవు.

ట్రస్టుకు పట్టిన జబ్బు: బకాయిలు

ప్రీమియం పద్ధతిలో ప్రభుత్వం ఏడాది మొదట్లోనో, వాయిదాల్లోనో తెలిసిన మొత్తం కట్టి చేతులు దులుపుకుంటుంది. ట్రస్టు పద్ధతిలో ఎన్ని ఆపరేషన్లు జరిగితే అంత బిల్లు వస్తుంది, అదీ ఆపరేషన్ అయ్యాక. ఖజానా బిగిసిన నెలలో జీతాలు, పింఛన్లు ఆపలేరు. ఆస్పత్రి బిల్లు మాత్రం ఒక నెల ఆపినా రేపు ఎవరూ రోడ్డెక్కరు. అలా ఆగింది పోగుపడి వందల కోట్లు, వేల కోట్లవుతుంది. 2024, 2025లో రాష్ట్ర స్పెషాలిటీ ఆస్పత్రుల సంఘం పలుమార్లు సేవలు ఆపుతామని ప్రకటించింది. 2025 అక్టోబరు 10 నుంచి నిలిపివేసినప్పుడు బకాయి 2,700 కోట్ల దాకా ఉందని చెప్పింది.

పెద్ద కార్పొరేట్ ఆస్పత్రి ఈ ఆలస్యాన్ని తట్టుకుంటుంది. దానికి నగదు రోగులూ, పాలసీ రోగులూ ఉంటారు. నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో యాభై పడకలతో నడిచే ఆస్పత్రికి కార్డు రోగులే ఎక్కువ. ఆరు నెలల బిల్లు రాకపోతే అది బయట అప్పు తేవాలి. మందుల డిస్ట్రిబ్యూటరు అరువు ఆపేస్తాడు. ఆ తర్వాత కార్డు రోగికి కొత్త తేదీ ఇస్తారు, మళ్లీ వాయిదా వేస్తారు. కార్డు మీద 25 లక్షలని రాసి ఉంటుంది. పరిమితి ఎంత పెంచినా ఈ వాయిదా రోజులు తగ్గవు. పరిమితి పెంచడానికి ఒక ప్రకటన చాలు, బకాయి తీర్చడానికి బడ్జెట్ కావాలి.

రెండున్నర లక్షల గీత

హైబ్రిడ్ ప్రతిపాదన ఈ బకాయిల దగ్గరే పుట్టింది. చికిత్సకు అనుమతి ఆరు గంటల్లో, ఆస్పత్రికి చెల్లింపు పదిహేను రోజుల్లో అన్నవి ప్రకటించిన లక్ష్యాలు. మామూలు ఆపరేషన్లలో అత్యధికం రెండున్నర లక్షల లోపే అయిపోతాయి కాబట్టి రోజువారీ వ్యవహారమంతా కంపెనీ చేతుల్లోకి వెళ్తుంది, అరుదుగా వచ్చే పెద్ద కేసులు ట్రస్టు దగ్గర మిగులుతాయి. ఇలాంటి విభజన దేశంలో కొత్తేమీ కాదు. మహారాష్ట్ర 2020లో లక్షన్నర దాకా బీమా, ఆపైన ఐదు లక్షల దాకా ప్రభుత్వ హామీ అనే ఏర్పాటు చేసుకుంది. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ కూడా బీమా, ట్రస్టు, మిశ్రమం అనే మూడు దారుల్లో ఏది ఎంచుకోవాలన్నది రాష్ట్రాలకే వదిలేసింది.

కంపెనీ వస్తే చెల్లింపు వేగం పెరుగుతుందన్న వాదనలో నిజం ఉంది, ఒక షరతు మీద. ప్రభుత్వం ప్రీమియం సకాలంలో కట్టాలి. అది ఆగితే కంపెనీ కూడా ఆస్పత్రులకు ఆపుతుంది. అప్పుడు బకాయి పోదు, ఒక మెట్టు పైకి జరుగుతుంది.

రెండో మార్పు నష్టం ఎవరిదన్న దగ్గర. ట్రస్టులో క్లెయిములు పెరిగితే ప్రభుత్వానికి నష్టం, తగ్గితే ప్రభుత్వానికే మిగులు. కంపెనీ వచ్చాక రెండున్నర లక్షల దాకా ఆ లాభనష్టాలు కంపెనీవి. దొంగ బిల్లులు పట్టుకోవడానికి దానికి గట్టి కారణం ఉంటుంది. ట్రస్టుకు లేని చురుకు అది. అదే కారణం నిజమైన క్లెయిముకు కొర్రీ పెట్టడానికీ పనికొస్తుంది. ఒప్పందంలో రెండు అంశాలు ఈ రెంటినీ విడదీస్తాయి. క్లెయిములు బాగా తగ్గితే మిగులులో ఎంత భాగం ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలి అన్నది మొదటిది. తప్పుగా తిరస్కరిస్తే, గడువు దాటితే జరిమానా ఎంత అన్నది రెండోది. మిగులు వెనక్కి ఇవ్వాల్సి వస్తుందని తెలిసిన కంపెనీకి అడ్డగోలుగా కోత వేసి లాభపడేది ఉండదు.

ఇక గీత దగ్గరికి వద్దాం. అక్కడ నిలబడేది మోకాలి ఆపరేషన్ రోగి కాదు, క్యాన్సర్ రోగి. కడప నుంచి తిరుపతికో, కర్నూలు నుంచి హైదరాబాదుకో తిరిగే ఒక రొమ్ము క్యాన్సర్ రోగిని తీసుకుంటే, మొదట ఆపరేషన్, తర్వాత ఆరు నుంచి ఎనిమిది విడతల కీమో, ఆపైన వారాల తరబడి రేడియేషన్. విడతకు విడత బిల్లు పోగవుతూ ఏదో ఒక కీమో మధ్యలో రెండున్నర లక్షలు నిండుతాయి. అంతదాకా అనుమతి ఇచ్చింది కంపెనీ డాక్టరు. తర్వాతి విడతకు ఇవ్వాల్సింది ట్రస్టు డాక్టరు. ఇద్దరి దగ్గరా ఒకే ఫైలు, ఒకే ప్యాకేజీ ధర, ఒకే సాఫ్ట్‌వేర్ ఉంటే రోగికి ఆ మార్పు తెలియను కూడా తెలియదు. లేకపోతే ఆరోగ్యమిత్ర దగ్గర మళ్లీ మొదటి నుంచి కాగితాలు. కీమోకు మూడు వారాల లెక్క ఉంటుంది. కాగితం కోసం అది ఆగకూడదు.

గీతకు ఇంకో గుణం ఉంది. కంపెనీ భారం రెండున్నర లక్షల దగ్గర ఆగిపోతుంది కాబట్టి, ఆపైన ఎంత పెరిగినా దానికి పట్టదు. ఇన్ఫెక్షన్ వచ్చి రోగి మళ్లీ చేరితే పెరిగిన బిల్లు ట్రస్టుకు వెళ్తుంది. ఇద్దరు చెల్లించేవాళ్లున్న ప్రతి చోటా ఖర్చును పక్కవాళ్ల మీదికి నెట్టే అవకాశం ఉంటుంది. పరిమితి దాటిన కేసులనూ మొదటి నుంచి ఆడిట్ చేసే ఏర్పాటు లేకపోతే ఈ భాగమే ఖరీదైపోతుంది.

బయటి దేశాలు ఏం ఎంచుకున్నాయి

జర్మనీ 1883లోనే కార్మికులకు తప్పనిసరి ఆరోగ్య బీమా తెచ్చింది. ఇప్పటికీ అక్కడ పదిలో తొమ్మిదిమంది చట్టబద్ధ నిధుల్లోనే ఉంటారు. నిర్ణీత ఆదాయం దాటిన ఉద్యోగులు, సొంత వృత్తులవాళ్లు, ప్రభుత్వాధికారులే ప్రైవేటుకు వెళ్లవచ్చు. బ్రిటన్ 1948 జులై 5 నుంచి బీమా జోలికే పోకుండా పన్నుల డబ్బుతో ఆస్పత్రులు నడుపుతోంది. బిల్లు అనేదే ఉండదు, వంతు కోసం నిరీక్షణ ఉంటుంది. అమెరికా వృద్ధులకు, పేదలకు 1965లో ప్రభుత్వ బీమా పెట్టి, మిగతావాళ్లను ఎక్కువగా ఉద్యోగం ఇచ్చిన సంస్థకు వదిలేసింది. ఉద్యోగం పోతే బీమా కూడా పోయే స్థితి అక్కడ ఇప్పటికీ ఉంది.

ఇక్కడి చర్చకు ఎక్కువ పనికొచ్చేవి రెండు దేశాలు. నెదర్లాండ్స్‌లో 2006 నుంచి బీమా అంతా ప్రైవేటు కంపెనీలదే. కానీ ప్రతి ఒక్కరూ కొనాల్సిందే, కంపెనీ ఎవరినీ కాదనకూడదు, జబ్బున్నా లేకున్నా ఒక పాలసీకి ఒకే ధర. జబ్బున్నవాళ్లు ఎక్కువగా చేరిన కంపెనీకి ఉమ్మడి నిధి నుంచి సర్దుబాటు చేస్తారు. అంటే ప్రైవేటు కంపెనీ ఉండటం వల్లే జబ్బున్నవాళ్లు బయటపడాలని ఏమీ లేదు, నిబంధన రాసే తీరులో ఉంది. రెండోది థాయ్‌లాండ్. 2002లో ఉద్యోగుల బీమా లేని మిగతా అందరికీ 30 బాట్ల పథకం తెచ్చింది. అక్కడ ఓపీకి, అంటే ఆస్పత్రిలో చేరకుండా చేసే వైద్యానికి, ఆ ప్రాంతంలో నమోదైన ఒక్కో మనిషికి ఏడాదికి ఇంత అని ముందే ఆస్పత్రుల వలయానికి ఇస్తారు. చేరిన రోగులకు వేరే బడ్జెట్ లోపల జబ్బును బట్టి చెల్లిస్తారు. మనిషి ఆరోగ్యంగా ఉండి ఓపీకి తక్కువసార్లు వస్తే ఆస్పత్రికే మిగులు. మన కార్డులో మనిషి ఆపరేషన్ బల్ల ఎక్కితేనే డబ్బు కదులుతుంది.

మన దగ్గరా మిశ్రమ పద్ధతికి ఒక పాత నమూనా ఉంది. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా). పెనుకొండ కార్ల ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న యూనిట్లలోనూ, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల కాంట్రాక్టు పనుల్లోనూ నెలకు 21 వేల లోపు జీతం ఉన్నవాళ్లు దీని కిందికి వస్తారు. కార్మికుడి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. జీతాన్ని బట్టి చందా, అవసరాన్ని బట్టి వైద్యం, ఓపీకి మందులు కూడా. కాగితం మీద మూడు పద్ధతుల్లోనూ ఇదే సంపూర్ణం. సీమలో డిస్పెన్సరీలు దూరంగా ఉండటం, డాక్టర్లు చాలకపోవడం దాన్ని వెనక్కి లాగుతున్నాయి.

కార్డుకూ పాలసీకీ బయట మిగిలేది

దేశం మొత్తం మీద వైద్యం ఖర్చులో ప్రజలు నేరుగా చేతి నుంచి పెట్టేది 2013-14లో 64 శాతం ఉండగా, 2021-22 నాటికి 39 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. తగ్గింది నిజమే. మిగిలిన దాంట్లో పెద్ద భాగం మందులది. షుగరు, బీపీ, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులకు నెల నెలా కొనే మాత్రలు, ఊళ్లో ఆర్ఎంపీకి ఇచ్చేది, ల్యాబు పరీక్షలు. ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సల తర్వాత ఏడాది పాటు ఫాలో-అప్ మందులిచ్చే ప్యాకేజీలున్నా, మామూలు ఓపీ దాని పరిధిలో లేదు. ప్రైవేటు పాలసీల్లోనూ ఎక్కువ వాటిలో లేదు. హైబ్రిడ్ వచ్చినా ఇందులో మార్పు ఉండదు.

దూరం ఇంకో ఖర్చు. ఆదోని నుంచి కర్నూలుకు వంద కిలోమీటర్లు, రాయదుర్గం నుంచి అనంతపురానికి దాదాపు అంతే. గుండె, నరాలు, క్యాన్సర్ కేసులు అక్కడా ఆగవు, బెంగళూరు, హైదరాబాదు, తిరుపతి, వేలూరు దాకా వెళ్తాయి. రోగి వెంట ఇద్దరు, వాళ్లకు లాడ్జి, తిండి, పోయిన కూలి. కార్డు ఆపరేషన్ ఖర్చు మోస్తుంది, ఇవి మోయదు. కర్నూలు పెద్దాసుపత్రికి గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా రోగులు వస్తారంటే, పొరుగు జిల్లాలకు కూడా అది పెద్ద దిక్కని అర్థం. అక్కడ ఒక కార్డియాలజిస్టు పోస్టు భర్తీ అయితే తగ్గే దారి ఖర్చును ఏ బీమా పథకమూ తగ్గించలేదు. కార్డు కేసులు ప్రభుత్వ ఆస్పత్రిలో చేస్తే ఆ ప్యాకేజీ డబ్బు ఆస్పత్రి అభివృద్ధికి, సిబ్బంది ప్రోత్సాహకానికి వెళ్తుంది. ట్రస్టు చేతిలో ఉన్న కేసులు కంపెనీ చేతికి వెళ్లాక ఈ ప్రవాహం తగ్గకుండా చూడాల్సి ఉంటుంది.

బీమాతో సంబంధం లేని నాలుగో దారి కూడా ఈ ప్రాంతంలో ఉంది. పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో బిల్లే లేదు. బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రి అతి తక్కువ ఖర్చుతో చుట్టుపక్కల ఊళ్లకు పెద్ద దిక్కుగా నిలిచింది. దాతృత్వం మీద నడిచేది కాబట్టి ఎవరూ దాన్ని హక్కుగా అడగలేరు, జిల్లా జిల్లాకూ పెట్టలేరు.

ఇంటి లెక్క

కార్డు ఉన్న కుటుంబం పాలసీ కూడా కొనాలా అన్నది టీచర్లు, చిన్న వ్యాపారులు, పట్నంలో ఉద్యోగం చేసే పిల్లలు ఉన్న ఇళ్లలో తరచూ వచ్చే ప్రశ్న. కార్డుకు లేని మూడు సౌకర్యాలు పాలసీకి ఉన్నాయి. జాబితాలో లేని జబ్బులకూ వర్తిస్తుంది, పథకంలో చేరని ఆస్పత్రుల్లోనూ పనిచేస్తుంది. బకాయిల గొడవతో కార్డు ఆగిన వారంలో అది నడుస్తూనే ఉంటుంది. పాలసీకి లేనిది కార్డుకు ఉంది. పాత జబ్బుకు ఆగక్కర్లేదు. డెబ్బై దాటిన తల్లిదండ్రులకు పాలసీ ప్రీమియం చాలా భారమవుతుంది. వాళ్లకు 2024 అక్టోబరు చివర్లో ఆయుష్మాన్ భారత్ కింద ఆదాయంతో సంబంధం లేకుండా ఐదు లక్షల రక్షణ వచ్చింది కాబట్టి ముందు ఆ కార్డు తీయించడం మేలు. ఆఫీసు గ్రూపు పాలసీని మాత్రమే నమ్ముకున్నవాళ్లకు ఉద్యోగం మానిన రోజే అది పోతుంది.

ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలన్న దగ్గర కూడా రెండింటికీ తేడా ఉంది. కార్డు మీద డబ్బు అడిగితే ఆరోగ్యమిత్రకు, ఆపైన 104కు ఫోన్ చేయాలి. పాలసీ క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. హైబ్రిడ్‌లో మొదటి రెండున్నర లక్షలకు ఒప్పందం ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య జరుగుతుంది, రోగి అందులో సంతకం చేసిన మనిషి కాదు. అనుమతి నిరాకరిస్తే ఆరు గంటల్లో రాతపూర్వకంగా కారణం ఇవ్వాలా, దాన్ని తిరగదోడే అధికారం జిల్లా స్థాయిలో ఎవరికైనా ఉంటుందా, ఆ విచారణ జరిగే లోపు చికిత్స ఆగకుండా ట్రస్టు ముందు చెల్లించి తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకుంటుందా అన్నవి కంపెనీతో చేసుకునే ఒప్పందంలోనే తేలాల్సిన విషయాలు.